ఆరో అంకె

మా ఆఫీసు రికార్డుల్లో ఆమె పేరు లేదు.
"కొలత చదువు వ్యక్తి, స్వచ్ఛందం" అని మాత్రం ఉంటుంది.
పేరు ఫెలిజార్దా ముషాంగా.
మొజాంబిక్ మధ్యన, కొండలు వదిలి నది నేలకు దిగే చోట
తెల్లారగానే కపులానా మోకాళ్ల దాకా ఎగ్గట్టి
గట్టు దిగి, నీళ్లలో నిలబడ్డ ఇనుప స్తంభం మీద
అంకె చదువుతుంది.
ఒకటి పాయింటు ఎనిమిది.
ఒకటి పాయింటు తొమ్మిది.
ఫోన్లో మాకు చెప్పి, ఇంటికెళ్లి
పొయ్యి మీద మొక్కజొన్న పిండి కలుపుతుంది.

స్తంభం పాతింది ప్రభుత్వం.
ఫోనిచ్చింది ఒక సంస్థ.
రీఛార్జి మూడేళ్లు వాళ్లే వేశారు.
నాలుగో ఏడు ప్రాజెక్టు ముగిసింది.
అప్పగింత కాగితం మీద ముద్ర కొట్టింది నేనే.
ముద్ర బాగానే పడింది,
రీఛార్జి ఖర్చే ఎవరి పద్దులోనూ పడలేదు.

రెండుసార్లు ఉత్తరం రాయించింది:
"అయ్యా, ఆరో అంకె చెరిగిపోయింది. కాస్త రంగు పంపండి."
"నిధుల లభ్యతను బట్టి" అని రాసి
ఫైలు కట్టాను నేను.
రంగు రాలేదు.
ఆరు ఉండాల్సిన చోట
పాత దుప్పటి చింపి ఒక పేలిక కట్టుకుంది.

ఆ శుక్రవారం మూడింటికే
ఆఫీసు ఫోను సొరుగులో పెట్టి తాళం వేశాను.
నిబంధన అది, ఫోను ఇంటికి తీసుకెళ్లకూడదు.
సోమవారం తీసి చూస్తే
మూడు మిస్డ్ కాల్స్.
ఒంటిగంట పది. ఒంటిగంట పన్నెండు. ఒంటిగంట పద్నాలుగు.
ఆమె ఫోన్లో డబ్బుల్లేవు.
ఒక రింగు ఇచ్చి ఆపేస్తే
అవతలి వాళ్లు తిరిగి చేస్తారని,
సర్కారు కూడా చేస్తుందని
ఆమె నమ్మకం.

నాలుగో రింగు దిగువూరి దర్జీ జెఫానియాస్‌కి.
అతను వెంటనే తిరిగి చేశాడు.
అవతల వాన హోరు. ఒకే మాట:
"పేలిక మునిగింది."

ఎర్ర జెండా కావాలి. అది మా గోదాములో ఉంది.
గోదాము తాళం పక్క పట్నంలో ఉంది.
పెళ్లివారి కోసం కుట్టిపెట్టిన ఎర్ర కపులానా
కొత్త మడత విప్పి గెడకు కట్టాడు.
సంస్థ ఎప్పుడో ఇచ్చిన ఈల
మెడలో ఉంది, తుప్పు రుచితో.
చీకట్లో జెండా ఎవరికి కనిపిస్తుందని
తర్వాత ఎవరో అడిగారు.
"నాకు కనిపించింది" అన్నాడు.

ముసలామెని తలుపు చెక్క మీద మోశారు.
మేకల్ని వదిలేయమంటే ఒకాయన కొట్లాటకు దిగాడు.
బడి గుట్ట ఎక్కేసరికి
వెనక ఊరు లేదు,
మామిడి చెట్ల తలలు తప్ప.

మూడో రోజుకు హెలికాప్టరు వచ్చింది. రాలేదని అనను,
బియ్యం తెచ్చింది, బాలింతను తీసుకెళ్లింది.
నాలుగో రోజు సంస్థ పడవలు, క్లోరిన్ బిళ్లలు.
అవీ కావలసినవే.
నీళ్లు దిగాక సమీక్ష పెట్టారు.
గోడకి రెండు బ్యానర్లు,
ఏది పైన ఉండాలని అరగంట.
బతికినవాళ్లు మూడువందల పన్నెండు మంది.
వాళ్ల నివేదికలో మూడువందల పన్నెండు,
మా నివేదికలో మూడువందల పన్నెండు.
కూడితే ఊరు రెండింతలయింది.
మినిట్స్ రాస్తున్నవాణ్ణి, రెండూ రాశాను.

చివర, "ఇతర అంశాలు" అన్నప్పుడు
వెనక బెంచీలోంచి ఫెలిజార్దా లేచింది.
"రంగు" అంది.
కూర్చుంది.

ఎర్ర రంగు డబ్బా ఇప్పుడు నా బల్ల కింద ఉంది.
నా జీతంతో కొన్నదే.
ఏ పద్దులో చూపాలో తేలక
వారమైంది, ఇంకా మోసుకెళ్లలేదు.
ఫోను మాత్రం జేబులోనే ఉంచుకుంటున్నాను,
నిబంధన సంగతి తర్వాత.

ఈ ఉదయం ఒక్కసారి మోగి ఆగింది.
తిరిగి చేశాను.
"ఒకటి పాయింటు ఆరు" అంది.
వెనక ఎవరో పిల్ల ఏడుస్తోంది.
రాసుకున్నాను.